తాలింపుకి చోటు లేని ట్రైలర్

కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, తమ మొదటి ట్రైలర్, ఎంచుకోవడానికి చాండ్లర్ ఊళ్లో ఉండే చక్రపాణి మూడు నెలలు ఎక్సెల్ షీట్ నింపాడు. బరువు, బ్యాటరీ, నీళ్ల ట్యాంకు, చివరికి టీవీ ఎటు తిరగాలో కూడా రాసుకున్నాడు. పదహారేళ్లుగా రెండు పూటలా వండిపెడుతున్న భార్య నాగమల్లేశ్వరిని మాత్రం ఒక్క ముక్క అడగలేదు.

వారం రోజుల వెకేషన్‌కి బయల్దేరే ముందు పరీక్షగా, ట్రైలర్ ఇంటి ముందుండగానే ఆమె అందులో పప్పు వండి తాలింపు పెట్టింది. ఇంగువ పడీ పడగానే పొగ అలారం వీధంతా వినబడేలా మోగింది.

“లోపల తాలింపులొద్దు మల్లీ. కొత్త ట్రైలర్, స్మెల్ పట్టేస్తుంది. వారం రోజులు శాండ్‌విచ్‌లతో అడ్జస్ట్ అవుదాం,” అన్నాడతను.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. చారులో పోపు తక్కువైతే కంచం ముందు నుంచి లేచిపోయే మనిషి చెబుతున్న మాట ఇది. స్టవ్ ఆర్పి, గరిటె అతని చేతిలో పెట్టింది.

“మీ షీట్‌లో వంట ఎవరిదో కూడా ఒక కాలమ్ పెట్టి, మీ పేరు రాసుకోండి. నేనూ వెకేషన్‌కే వస్తున్నా.”