పిలుపు ఆగకముందే

గౌరికి కోపం ముదిరితే మాట తగ్గిపోతుంది. భావనపాడు ఒడ్డున ఆమెతో కలిసి ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. గౌరి పాడిన కొత్త పాట ఫోన్లలోకి వచ్చిన రోజు వాళ్లలో చిన్నతల్లి ఊరుకోలేక అడిగింది.

"ఒలే గౌరీ, ఇందులో నీ గొంతు ఏదే? ఎనకాల ఎవులో మూలుగుతున్నట్టున్నాదే?"

గౌరి చేతిలోని చేపను ఇసుకలోకి విసిరేసి, ఫోను లాక్కుని చెవికి ఆనించుకుంది. గొంతు ఆమెదే. ఉండాల్సిన చోట లేదు.

'ఉద్దానం గాలి' బేండులో ఉన్నది ముగ్గురే. జలంత్రకోట కొబ్బరి రైతు కొడుకు కామేశ్ గిటారు వాయిస్తూ నడి గొంతుతో పాడతాడు. పై గొంతు అతని చెల్లెలు సంధ్యది. అడుగు గొంతు గౌరిది. కామేశ్ ఒకసారి ఒడ్డుకు వీడియోలు తీయడానికి వచ్చి, చేపలు తిరగేస్తూ పాడుకుంటున్న ఆమెను విన్నాడు. ఆడమనిషికి ఇంత మొద్దు గొంతేమిటని పక్కవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. "అప్పా, నీ గొంతు మీద మేమిద్దరం నిలబడొచ్చు" అన్నాడు, సొంత అక్కను పిలిచినట్టు.

కామేశ్ వాళ్ల కొబ్బరి పాకలో సాధన మొదలైన రోజే తగువు పడ్డారు. కామేశ్ ఒక చరణం పిలిస్తే దాన్ని గౌరి అందుకోవాలి. ఆమె మాత్రం అతని మాట పూర్తికాకముందే అందుకునేది.

"ఆగు అప్పా! నా లైను అవ్వకుండానే దూరిపోతన్నావు."

గౌరి పాకలో ఉన్న తాడు తెచ్చి ఒక కొస అతని చేతికిచ్చింది. ఒడ్డున నిలబడి పెద్దవల లాగేవాళ్లు ఒకరు పిలుస్తుంటే మిగిలినవాళ్లు అందుకుంటారు. ఆమె తండ్రి అలా పిలిచేవాడు.

"లాగు. లాగుతా పిలు. ఇప్పుడు నీ పిలుపు ఆగేదాకా నానూ ఆగుతాను, సూడు."

పిలుపుకీ జవాబుకీ నడుమ గౌరి పట్టు వదిలేసింది. కామేశ్ వెల్లకిలా కొబ్బరి పీచు మీద పడ్డాడు. సంధ్య పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఆ సందులోనేరా సముద్రం వలని లాక్కెలిపోద్ది" అంది గౌరి. "పిలుపు తోక సేతిలో ఉండగానే అందుకోవాల."

అతను లేచి, పీచు దులుపుకుని, మళ్లీ పిలిచాడు. అక్కడి నుంచి అదే వాళ్ల బాణీ అయింది. ఒక గొంతు దిగకముందే ఇంకొకటి దాని కిందికి వచ్చి మోసేది. ఊపిరి ఎవరు ఎక్కడ తీసుకున్నారో వినేవాళ్లకు తెలిసేది కాదు. పలాసలో పెళ్లి పందిళ్లు, సోంపేటలో అమ్మవారి సంబరాలు, టెక్కలి బస్సుల్లో డ్రైవర్ల ఫోన్లు, అన్నిచోట్లా వాళ్లే మోగారు.

తరవాత విశాఖపట్నం స్టూడియో. అద్దాల గదిలో ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి పాడించుకున్నారు. ఒడ్డున గౌరి విన్న ఆ కొత్త పాటలో సంధ్య పాడాక కామేశ్, కామేశ్ ఆగాక గౌరి. బడిలో పంతులు చెప్పాక పిల్లలు తిరిగి అప్పజెప్పినట్టుంది. ఆ పాటే ఊళ్లన్నీ తిరిగింది. గౌరి స్టూడియో వాణ్ని తిట్టని రోజు లేదు. కామేశ్ తల వంచుకుని వినేవాడు. అతనికీ బాధగా ఉందనే అనుకుంది.

టెక్కలిలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి పిలుపొచ్చింది. స్టేజీ వెనక తరగతి గదిలో సంధ్య పూలు పెట్టుకుంటోంది. కామేశ్ గిటారు తీశాడు కానీ శ్రుతి చేసుకోలేదు.

"రికార్డు ఏసేత్తారు అప్పా. మనం పెదాలు ఆడిత్తే సాలు."

"ఎందుకు?"

"జనానికి ఆ పాటే కావాల."

"ఆ సచ్చినోడు నా గొంతు ఎనక్కి జరిపిన పాటా?"

"ఆడినెందుకు అప్పా తిడతావు" అనేసింది సంధ్య. అన్న వైపు చూసి నాలిక కరుచుకుంది.

బయట ఎవరో మైకులో ఒకటి, రెండు అంటున్నారు.

"మరెవుల్ని తిట్టాల?" అడిగింది గౌరి.

కామేశ్ గిటారు పట్టీ సవరించుకున్నాడు. "ఆడు అడిగాడు, ఈవిడ ముందుకొచ్చేత్తందేటని. వల, తాడు అని ఆడికేటి సెప్పను? నవ్వుతాడు. తాళం నిలబడదు, కొంచెం జరిపెయ్యండి అన్నాను. అంతే."

"నాకు తాళం నిలబడదు."

"మాటవరసకి అన్నాను అప్పా."

గౌరి కొంగు నడుముకు చుట్టి దోపుకుని అందరికంటే ముందు స్టేజీ ఎక్కింది.

పలకరింపుల కోసం మైకులు తెరిచే ఉంచారు. సంధ్య నమస్కారం చెప్పింది. రికార్డు మొదలైంది. కామేశ్ పిలుపు స్పీకర్లలో ఇంకా సాగుతుండగానే గౌరి గొంతెత్తి అందుకుంది. ఆమె వెనకే రికార్డులోని గౌరి వచ్చింది. ఇద్దరు గౌరులు ఒకరినొకరు తొక్కుకున్నారు. వినడానికి దారుణంగా ఉంది. కుర్రాళ్లు ఈలలు వేశారు, కొందరు ఫోన్లు పైకెత్తారు. "ఆపు అప్పా" అని కామేశ్ పళ్లు బిగించి అన్నాడు. ఆమె ఇంకా గట్టిగా పాడింది. బెదిరిపోయిన సౌండు మనిషి రికార్డు కట్టేశాడు.

ఒక్కసారిగా స్పీకర్లలో ఏమీ లేదు. గౌరిది అందుకునే పాట. ఎవరో ఒకరు పిలవాలి. ఆమె కామేశ్ వైపు తిరిగింది.

అతను మైకు దగ్గరికి వంగి "సారీ, చిన్న టెక్నికల్ ప్రాబ్లం" అన్నాడు.

అప్పుడు సంధ్య పిలిచింది. అన్న పిలిచే చరణాన్ని తనకు అలవాటు లేని కింది శ్రుతిలో, వణుకుతూ పిలిచింది. ఆ వణుకు తెగకముందే గౌరి అందుకుంది. కామేశ్ స్టేజీ మెట్లు దిగిపోయాడు. పాట చివరిదాకా నడిమి గొంతు ఉండాల్సిన చోట గుంత తెలుస్తూనే ఉంది. చప్పట్లు అక్కడక్కడా పడ్డాయి.

వాళ్లిద్దరూ దిగేసరికి కామేశ్ మెట్ల కిందే నిలబడి ఉన్నాడు. "బేండు ముంచీసావు అప్పా. ఇంకెవులు పిలుత్తారు మనల్ని?"

"పిలవకపోతే మానీ. రేపట్నుంచి నడి గొంతోడిని ఎతుక్కుంటాం."

"నేను లేకుండానా? సంధ్యా, నువ్వేటంతావు?"

సంధ్య జడలోని పూలు తీసి చేతిలో పట్టుకుంది. అన్న వైపు చూడలేదు.

"ఆ కొత్తోడొచ్చాక నువ్వే వచ్చి ఆడికి సెప్పు" అంది గౌరి, "నాకు తాళం నిలబడదని. నా ఎదరే సెప్పాల."

అతను దారికి అడ్డం తప్పుకునేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.