వగిమాన్ తిండిపోతు కాదు

మా వగిమాన్ తిండిపోతని మా జోగ్జా ఊళ్ళో సగంమంది చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. ఏళ్ళ తరబడి అతనికి అన్నం పెడుతున్న కొట్టుదాన్ని, నాకు తెలీదా? ఎవరు కనబడినా "ఇవాళ ఏం తిన్నారు?" అని అడుగుతాడు, అంతే. బండి ఆపి కాగితాలడిగిన పోలీసాయన్నీ అదే అడిగాడు. ఆయన తికమకపడి "నూడుల్స్" అనేసి వదిలేశాడు. పెళ్ళిచూపుల్లో పిల్లనీ అడిగాడు. అమ్మని కనుక్కుని చెప్తానని లోపలికెళ్ళిన పిల్ల మళ్ళీ బయటికి రాలేదు.

పగలంతా నా కొట్టు మూలబల్ల దగ్గర కూచుని కంప్యూటర్లో చెత్త ఏరుతుంటాడు. చిన్న ఊళ్ళ ఆసుపత్రులు ఉచితంగా వాడుకునే మందుల ప్రోగ్రాం ఒకటుంది. అందులో ఏది చెడినా ఎవరైనా రాయొచ్చు, అందరూ చదవొచ్చు. తలుపు తెరిచుంటే దోమలు రావూ? జూదం ప్రకటనలు, జుట్టు మొలిపించే నూనెలు కుప్పలుగా వచ్చిపడతాయి. ఒక యంత్రం వాటిని పట్టి బుట్టలో వేస్తుంది. ఈయన ఆ బుట్ట బోర్లించి ఒక్కోదానికీ జవాబు రాస్తాడు: "ఇవాళ ఏం తిన్నారు?"

"దొంగలకి మర్యాదలేంటి తమ్ముడూ?" అన్నాను.

"దొంగో కాదో తెలియాలిగా అక్కా! మనిషైతే ఏదో ఒకటి తినుంటాడు. మర ఏం చెబుతుంది?"

ఒకటి చెప్పింది కూడా. "మీ విలువైన ప్రశ్నకు ధన్యవాదాలు. ఇక్కడ నొక్కండి" అని.

"చూశావా, వీడి మొహానికి సోయాగింజల టెంపే ముక్కయినా దక్కలేదు" అని గెంటేశాడు.

ఆమధ్య జూదం ప్రకటనలు మరీ వరదైపోయాయి. ప్రోగ్రాం రాసేవాళ్ళ పెద్ద హెందార్తో సారు స్వయంగా కొట్టుకొచ్చాడు.

"ఇక తలుపు మూసేద్దాం వగిమాన్. తెలిసినవాళ్ళే రాయాలి. బుట్టలోవి చదవకుండా పారెయ్."

"కొత్తవాళ్ళకి కష్టమొస్తే?"

"ఎవరొస్తారయ్యా, జూదగాళ్ళు తప్ప?"

"ఈ ఒక్క బుట్టా చూడనివ్వండి సార్" అని వగిమాన్ బోర్లించాడు. సారు తొంగిచూసి నవ్వాడు. "రాసినామె పేరు మురాసిహ్ మురాసిహ్ అట! 'అర్జెంటు!!! పాపకి పదింతలు సిరప్!!! వెంటనే చూడండి!!!' అచ్చంగా ప్రకటనే. పారెయ్."

మా దేశంలో చాలామందికి ఇంటిపేరుండదు, ఉన్నది ఒక్క పేరే. ఆ ప్రోగ్రాంలో రెండు పేర్లు రాయందే లోపలికి రానివ్వరు కాబట్టి ఉన్నదాన్నే రెండుసార్లు రాస్తారు. యంత్రానికి అదో అనుమానం.

వగిమాన్ తన ప్రశ్న కొట్టాడు. సారు తల కొట్టుకున్నాడు. నేను ఆయనకి కాఫీ పోశాను. అది చల్లారకముందే జవాబొచ్చింది.

"ఏం తిన్లేదయ్యా! పొద్దున ఉడకేసిన కర్రపెండలం అలాగే ఉంది. నేను నర్సుని. ఏడున్నర కిలోల పాపని మీ ప్రోగ్రాం డెబ్భై ఐదు కిలోలంటోంది. అంత మందు ఎలా పొయ్యను? నేను చూసి ఆగాను. చూసుకోనివాళ్ళ సంగతేంటి?"

సారు ముందుకి వంగి మళ్ళీ చదివాడు. ఏడున్నర అంటే మేం ఏడు రాసి, చుక్క బదులు కామా పెట్టి, ఐదు రాస్తాం. కిందటి వారం ప్రోగ్రాంలో చేసిన మార్పు ఆ కామాని మింగేసింది. మార్పు చేసింది సారే!

కప్పు వదిలేసి, తన కంప్యూటర్ తీసి నా బల్ల దగ్గరే కూచుని సరిచేశాడు. మందు పొయ్యకుండా ఆగమని ఆసుపత్రులన్నిటికీ కబురెళ్ళింది. ఏ బిడ్డకీ ఏమీ కాలేదు.

"మరి తలుపు?" అన్నాను.

"బార్లా తీసుంచండమ్మా!" అన్నాడు సారు. కొట్లో ఉన్నవాళ్ళంతా ఎందుకో తెలీకపోయినా చప్పట్లు కొట్టారు.

వగిమాన్ మాత్రం ఇంకా టైపు కొడుతూనే ఉన్నాడు: "ఇక్కడి సంగతి మేం చూసుకుంటాం. పాపకి మందు మీరే లెక్కకట్టి పొయ్యండి. తర్వాత ఆ దుంప తినండి. తిన్నాక రాయండి."

"మనిషని తేలిపోయిందిగా, ఇంకా తిండి గోలెందుకు?"

"మనిషని తేలాకే కదక్కా, తిన్నదీ లేనిదీ కావాల్సింది!"

కాసేపటికి జవాబొచ్చింది: "తిన్నాను. కొబ్బరికోరు వేసుకుని." లాటరీ తగిలినట్టు ఎగిరాడు. పక్కన నేను పెట్టిన అన్నం మాత్రం పెట్టినట్టే ఉంది.

అదీ మా తిండిపోతు సంగతి. శుక్రవారాలు నా కొట్టుండదు, ఇంట్లో ఏం తింటాడో నాకు తెలీదు. అందుకని ఆ రోజు మీలో ఎవరైనా అతనికో ముక్క రాయండి: "వగిమాన్, ఇవాళ ఏం తిన్నావ్?" అని. "ధన్యవాదాలు, ఇక్కడ నొక్కండి" అని జవాబొచ్చిందో, వెంటనే నాకు చెప్పండి. పళ్ళెం పట్టుకుని బయల్దేరతాను.