అప్‌డేట్ మింగిన ఒత్తులు

ఒక ప్రాసెసర్ జబ్బుకు మా అమ్మ నరాల మాత్రలు మింగింది. జరిగిందంతా ఇంతే. మిగతాది ఎలా జరిగింది, ఎవరివల్ల జరిగింది అన్న వివరం. అది రాయకుండా ఉండలేకపోతున్నాను. దానికి బాధ్యులైనవాళ్లలో ఒక్కరికీ మా అమ్మ అనే మనిషి ఉన్నట్టు కూడా తెలియదు.

అమ్మ జమ్మలమడుగులో రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర ఒక డీటీపీ షాపులో తెలుగు టైపు చేస్తుంది. దస్తావేజులు, అఫిడవిట్లు, పెళ్లి పత్రికలు, మా చర్చి వారపు పత్రిక, ఎవరైనా పోతే ఆదరణ కూడిక కార్డు. పెళ్లికాకముందు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు టైపు మిషన్ మీద నేర్చుకున్న చేయి ఆమెది. కాగితాన్ని ఎడమ పక్కన పెట్టుకుంటుంది, లేకపోతే వచ్చినవాళ్లనే చదవమంటుంది. తెర వైపు చూడదు. చదివేవాళ్లు దమ్ము తీసుకోవడానికి ఆగితే ఆమె వేళ్లు కూడా ఆగి ఎదురుచూసేవి. చిన్నప్పుడు బడి వదిలాక ఆ షాపులో కూర్చుని చూసేవాణ్ని. పెద్ద పెద్ద రైతులు కూడా ఆమె వేగానికి తట్టుకోలేక తడబడేవాళ్లు.

తెలుగు టైపులో అక్షరానికి ఒక మీట, గుణింతానికి ఒక మీట, ఒత్తుకు ఇంకో మీట. ప్రెస్సులవాళ్లు ఇప్పటికీ అడిగే పాత ఫాంట్లలో ఈ ముక్కల్ని అతికించడానికి వెనకాల ఒక చిన్న ప్రోగ్రాం నడుస్తుంటుంది. కొట్టిన ప్రతి మీటా ముందు దాని చేతికి వెళ్లాలి, అది సర్దాలి, తర్వాత తెర మీద పడాలి. ఇదంతా కంటికి కనపడనంత వేగంగా జరిగేది కాబట్టి అమ్మకు దాని ఉనికే తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేకపోయింది.

నేను పులివెందులలో ఇంజనీరింగ్ చదివి, ప్రొద్దుటూరులో ఒక కంప్యూటర్ సర్వీసు షాపులో పనిచేస్తున్నాను. శనివారం సాయంత్రం ఇంటికొస్తాను. ఆ వేసవిలో రెండు మూడు వారాలు అమ్మ చేతులు తిమ్మిరెక్కుతున్నాయని అంటే, ఎండలకేమో అనుకున్నాను. చూపు కూడా తగ్గిందేమో అంటే, ప్రొద్దుటూరు పిలిపించి కళ్ల డాక్టరుకు చూపిస్తే కళ్లు బాగున్నాయన్నాడు. మెడికల్ షాపతను మాత్రం అడగకుండానే తేల్చేశాడు. ‘నరాలు వీకయింటాయిలేమ్మా’ అని ఒక స్ట్రిప్పు కోసి ఇచ్చాడు. అసలు బాధ ఏమిటో అమ్మ అతనికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

నాకు తెలిసింది చర్చిలో. ఆరాధన అయ్యాక వరండాలో సంఘపెద్ద ఆ వారం పత్రిక చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ మెట్లు దిగుతుంటే పిలిచాడు.

"ఏం చెల్లీ, మన ప్రభువు గుడివాడకు ఎప్పుడు పోయినాడు? నాకొక మాట చెప్పింటే నేనూ బస్సెక్కుతాంటి కదా."

"గుడివాడేంది అన్నా?" అంది అమ్మ.

"ఇదో చూడు. ‘గుడివాడు చూపు పొందెను’ అంట. గుడ్డివాణ్ణి యాడికో సాగనంపినావే!"

పక్కనున్న ఒకామె అందుకుంది. "ఆ పక్క చేపల పులుసు బాగుంటాదంటలే మామా. ఆయప్పకూ తినబుద్ధయింటాది."

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద ఎంతసేపు ఉంచాలో తెలియక ఉంచినట్టుంది. ఆ పత్రిక ఆమె ఇన్నేళ్లుగా ప్రూఫు చూడకుండా ప్రెస్సుకు పంపేది. ప్రూఫు చూడమంటే ఆమెను అనుమానించినట్టే లెక్క.

ఇంటికి నడిచేటప్పుడు అడిగాను.

"నా చేతులు పోయినాయి నాయనా," అంది. "కొడతానే ఉండా. వేలికి తగిలినట్టే ఉంటాది. తీరా కాగితం బయటికొచ్చినాక చూస్తే ఒత్తులుండవు. మొన్న పెళ్లి పత్రికలో ‘ముద్దుల కుమార్తె’ పోయి ‘ముదుల కుమార్తె’ అని పడింది. ఆ పిల్ల తల్లి షాపు ముందర నిలబడి, నా బిడ్డ ముదిదా అని ఎంత అరిచిందో!"

"షాపు మామ ఏమన్నాడు?"

"ఏమంటాడు? ఆయప్పకే కనపడతాండాది కదా. వచ్చే నెల ప్రొద్దుటూరు నుంచి ఒక పాప వస్తాదంట టైపుకు. నన్ను జెరాక్సు, బైండింగు చూసుకోమన్నాడు. తరిమేయలేదు, మంచోడే." కొంచెం దూరం పోయాక మళ్లీ అంది. "మాత్రలు ఇంకో స్ట్రిప్పు తెచ్చి పెట్టు. గుణం కనపడలేదు గానీ, కొన్నాళ్లు వాడాలేమో."

ఆ కుర్చీలో కాక ఇంకెక్కడ కూర్చున్నా మా అమ్మ మా అమ్మలా ఉండదని నాకు తెలుసు. వచ్చే నెల ఎంతో దూరం లేదు.

మధ్యాహ్నం అన్నం తిని షాపు మామ ఇంటికి పోయి తాళం అడిగాను. ఆయన కువైట్‌లో చాలా ఏళ్లు డ్రైవరుగా ఉండి వచ్చి, ఈ షాపు పెట్టాడు. అమ్మను అక్కా అంటాడు కాబట్టి నేను ఆయనకు అల్లుణ్ణి.

"ఏమల్లుడా, ఆదివారం పూట మిషన్ ఎందుకు? అక్క పోరు పెట్టిందా?"

"ఆమెకు తెలీదు మామా. నాకు ఒకటి చూడాలనుంది."

"చూడు గానీ, దానికేం లేదప్పా. నేను అన్నీ చూసినా. మిషన్ పాతదే గానీ మంచిది. అక్కకే వయసు పైబడతాండాది. నాకు మాత్రం బాధ లేదా?"

ఆయన కూడా వెంట వచ్చాడు. నాకు అనుమానాలు వరసగా కొట్టేసుకుంటూ పోవడం అలవాటు. ముందు కీబోర్డు మార్చాను. తర్వాత కేబులు. ఆ తర్వాత మెమరీ, హార్డ్ డిస్కు పరీక్షించాను. వైరస్ ఉందేమో చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి నేనే కూర్చుని అమ్మ వేగాన్ని అనుకరిస్తూ కొట్టాను. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెద్దమ్మ, ఒక్కొక్కరు. ఆమె వేగంలో సగం కూడా ఉండదు నాది. అయినా ‘అనదమ్ములు’ అని పడింది, తర్వాత ‘పెదమ్మ’. మెల్లగా కొడితే అన్నీ సరిగ్గా పడ్డాయి.

"చూడు మామా," అన్నాను. "నా నరాలూ వీకయినాయా?"

ఆయన తెరకేసి వంగి చదివి, "సుభానల్లా" అన్నాడు.

తప్పులు మొదలైన వారాన్ని అప్‌డేట్ల చరిత్రతో పోల్చి చూశాను. సరిగ్గా ఆ వారమే ఒక పెద్ద అప్‌డేట్ ఎక్కింది. ఎవరో ఫైలు మెయిల్ చేయమంటే మామ తన ఫోన్ నెట్టు ఆ మిషన్‌కు ఇచ్చాడట. ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న అప్‌డేట్లన్నీ ఆ సందులో దూరాయి. మామకు గుర్తుంది. నీలం తెర మీద మీ కంప్యూటర్‌ను మెరుగుపరుస్తున్నాం, ఆపవద్దు అని వచ్చిందట. ఆపలేదు.

ఇప్పుడు ఆ మెరుగు ఏమిటో చెప్పాలి. ప్రాసెసర్లు చాలా ఏళ్లుగా ఒక తొందర పని చేస్తున్నాయి. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో గుమాస్తా ఉంటాడనుకోండి. మీరు లోపల అడుగు పెట్టగానే, యజమాని సరే అనకముందే, మీకు ఏం కావాలో ఊహించి బీరువాలోంచి పెట్టె తీసి పెడతాడు. యజమాని వద్దంటే మళ్లీ లోపల పెడతాడు. పని చురుగ్గా సాగుతుంది. కానీ ఏ అర తెరుచుకుందో పక్కన నిలబడినవాడు చూస్తాడు. ప్రాసెసర్‌లో ఆ పక్కన నిలబడినవాడు ఒక దొంగ ప్రోగ్రాం కావచ్చు. అనుమతి అడగకముందే లోపలి రహస్యాన్ని ముట్టుకోవడం వల్ల దాని జాడ బయటపడుతుంది. కాలేజీలో ఈ ముందస్తు ఊహను గొప్ప తెలివిగా చెప్పారు. నేనూ పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను.

ఆ లోపం బయటపడ్డాక, అమ్మేసిన ప్రాసెసర్లను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆపరేటింగ్ సిస్టం అప్‌డేట్లతో అడ్డు కట్టారు. ఒక ప్రోగ్రాం సిస్టం గడప దాటిన ప్రతిసారీ అంగడి షట్టరు దించి, అరలన్నీ సర్ది, మళ్లీ తెరిచినట్టు. కొత్త ప్రాసెసర్లకు ఇది పెద్ద బరువు కాదు. పాతవాటికి బరువే. అందులోనూ మీట మీటకూ గడప దాటే మా తెలుగు ప్రోగ్రాం లాంటిదానికి ఇంకా బరువు. అది సమయానికి జవాబు ఇవ్వకపోతే సిస్టం దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. వేగంగా కొట్టేవాళ్లకే ఒత్తులు జారిపోతాయి. నిదానంగా వెతుక్కుంటూ కొట్టేవాడికి ఏమీ కాదు. అంటే పని బాగా వచ్చినవాళ్లకే శిక్ష.

దొంగలకు అడ్డు కట్టడం తప్పని నేను అనను. నా కోపం వేరే. చూసుకోకుండా పరిగెత్తడాన్ని వేగం అని పేరు పెట్టి అమ్ముకున్నారు. దొరికిపోయాక ఆ వేగాన్ని మా ఇళ్లలోంచి, మా షాపుల్లోంచి అడగకుండా వెనక్కి తీసుకున్నారు. తీసుకుంటూ దానికి మెరుగు అని పేరు పెట్టారు. పాత ప్రాసెసర్లున్నవాళ్లకు తేడా తెలియవచ్చని ఎక్కడో ఒక ఇంగ్లీషు పేజీ అడుగున రాశారు. జమ్మలమడుగులో తెలుగు టైపు చేసే ఆమె ఆ పేజీ ఎలా చదవాలి?

మామ ఎదుటే కంప్యూటర్ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"మీ డివైస్ భద్రత కోసమేనండి ఆ అప్‌డేట్."

"వేగం తగ్గుతుందని ముందు చెప్పాలి కదండీ?"

"మీ డివైస్ కొంచెం పాతదైంది సార్. పాతవాటిలో ప్రాసెసర్ వీక్ అవుతుంది. కొత్తది తీసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు."

"ప్రాసెసర్ వీక్ కాదండీ. అది మోకాలు కాదు అరగడానికి. నిన్న చేసిన లెక్కే ఇవాళా చేస్తుంది. మధ్యలో మీరు బరువు పెట్టారు."

"మీ అభిప్రాయం నోట్ చేసుకున్నాను సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

మామ ఫోన్ దగ్గరికి నోరు పెట్టి, "ఏం సహాయం చేసినావమ్మా ఇంకా అడగనీకి?" అన్నాడు. ఆ అమ్మాయిని అని లాభం లేదు. ఆమెకు రాసిచ్చిన మాటలే ఆమె చదువుతుంది. అందుకే ఇంకా మండింది. తిట్టడానికి అవతల ఎవరూ లేరు.

అదే మాట నేను పనిచేసే షాపులో రోజూ వింటాను. మెల్లగా నడుస్తోందని ఎవరు మిషన్ తెచ్చినా, వీకయింది, పాతదైంది, మార్చేయండి. మిషన్‌కు చెప్పిన మాటే మెడికల్ షాపులో మా అమ్మకు చెప్పారు. ఆమె నమ్మింది.

ఆ అడ్డును తీసేసే దారి ఉంది. సిస్టం లోపల రెండు విలువలు మార్చి మళ్లీ స్టార్ట్ చేయాలి. కానీ తీసేస్తే ఆ దొంగ సందు తెరుచుకుంటుంది. ఆ మిషన్‌లో ఊరివాళ్ల ఆధార్ కాపీలు, దస్తావేజులు ఉన్నాయి. అది మామకు దాచకుండా చెప్పాను.

"కాపీలన్నీ జెరాక్సు దగ్గరున్న రెండో మిషన్‌లోకి తీసేద్దాం. దీనికి ఇకమీదట నెట్టు ఇవ్వకూడదు. పెన్‌డ్రైవ్ కూడా ఎవరిదంటే వాళ్లది పెట్టకూడదు. టైపుకు మాత్రమే. నీకిష్టమేనా?"

"నా ఇష్టం అడిగినోడివి నువ్వొక్కడివే అల్లుడా," అన్నాడు. "తీసెయ్."

తీసేసి కొట్టాను. ఒత్తులన్నీ పడ్డాయి. అడ్డు మళ్లీ పెట్టాను, జారిపోయాయి. మళ్లీ తీశాను, పడ్డాయి. ఇక నాకు సందేహం లేకపోయింది. మామ అక్కడికక్కడే ప్రొద్దుటూరు పాప వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, ఇప్పుడు అవసరం లేదని చెప్పాడు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ చాట పక్కన పెట్టి విన్నది.

"అయితే నేను సరిగ్గానే కొడతాంటినా?"

"సరిగ్గానే కొడతాంటివి. అది తినేస్తాండాది."

"మరి ఆ పొద్దే ఎవరూ చెప్పకపోయిరే?" "ఆ పెండ్లి పిల్ల తల్లి కాళ్లొకటే పట్టుకోలేదు నేను," అంది. లేచి, మిగిలిన మాత్రలు తెచ్చి పొయ్యి పక్కన చెత్తలో పడేసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

సోమవారం సెలవు పెట్టి నేనూ షాపుకు వెళ్లాను. మొదటి బేరం ఒక భాగపంపకం దస్తావేజు. మైలవరం పక్క నుంచి వచ్చిన రైతు కాగితం పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. ‘అన్నదమ్ములమైన మేము’ వరకు కొట్టి ఆగింది. తల తిప్పి తెర చూసింది. న కింద ఒత్తు ఉంది. మళ్లీ కాగితానికి తిరిగి ఇంకో రెండు మాటలు కొట్టి, మళ్లీ తల తిప్పింది.

"అక్కా, పడతాండాయి. నువ్వు చూడాకు," అన్నాడు మామ వెనక నుంచి.

"చూడకుంటే ఎట్లప్పా?"

రైతు తనకు అలవాటైన వేగంలో సర్వే నంబరు, తూర్పు హద్దు, పడమర హద్దు అని చదివేసుకుంటూ పోయాడు. అమ్మ చేయి పైకెత్తి ఆపింది. ఆమె ఎదుటివాళ్లను ఆగమనడం నేను అప్పటిదాకా చూడలేదు.

"నిదానంగా చదువు సామీ. ఒక్కొక్క మాటే."

రైతు ఒక్కొక్క మాటే చదివాడు. అమ్మ ఒక్కొక్క మాటే కొట్టి, తెర చూసి, తల ఊపింది. దస్తావేజులో ఒక్క తప్పు లేదు. కుర్చీ ఆమెదే. బయట వరసలో ఉన్నవాళ్లు మాత్రం, ఈ రోజు శానా లేటవుతాండాదే అని గొణుక్కుంటూ పక్క షాపు వైపు నడిచారు.