ఆర్కే బీచ్‌లో సుధ ఎడమ చెయ్యి

2023 మే 14, ఆదివారం, సాయంత్రం ఐదూ పది. విశాఖపట్నం ఆర్కే బీచ్. నా పక్కన ఇసుకలో కూర్చున్న అమ్మాయి పేరు సుధ, వయసు పంతొమ్మిది. అంత ఉక్కలో, అంత జనంలో, మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కుని కూర్చున్నది ఆమె ఒక్కతే.

నేను బిలాస్‌పూర్‌లో ముప్ఫై నాలుగేళ్లు నర్సుగా పనిచేశాను. అందులో పదకొండేళ్లు కాలిన గాయాల వార్డులో. రిటైరై చాలాకాలమైనా తోర్వా, దయాల్‌బంద్ పేటల నుంచి మన తెలుగువాళ్లు డ్రెస్సింగుకని ఇంటికే వస్తూంటారు. సుధ అలా వచ్చిన పిల్లే. తండ్రి లోకో షెడ్‌లో ఫిట్టరు. తాతగారి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చిన కుటుంబం.

అంతకు ముందు డిసెంబరులో గంజి వారుస్తుంటే గిన్నె జారి, మరిగే గంజి ఆమె ఎడమ చేతి వెనక భాగం మీదంతా పడింది. నీళ్లైతే కారిపోతాయి, గంజి చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకున్నారు. మా పనిలో అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. మానిన చోట మచ్చ గట్టిపడి చుట్టూ ఉన్న చర్మాన్ని లాగేస్తుంది. దాన్ని కాంట్రాక్చర్ అంటాం. సుధ చేతికి వేళ్లు వెనక్కి లాక్కుపోయి పిడికిలి బిగుసుకోవడం మానేసింది. మచ్చ ఉబ్బకుండా ప్రెషర్ గ్లౌ, అంటే కొలతకు కుట్టిన బిగుతైన తొడుగు, స్నానానికీ వ్యాయామానికీ తప్ప రోజంతా వేసుకోవాలి. వేళ్లు వంచే వ్యాయామం రోజుకు మూడుసార్లు చెయ్యాలి. జూన్ నెలాఖరుకు పిడికిలి రాకపోతే మచ్చ కోసి, తొడ చర్మం తెచ్చి అతకాలన్నారు డాక్టరుగారు.

ప్రెషర్ గ్లౌ వేసుకునేది. వ్యాయామం మాత్రం చేసేది కాదు. ఆ చేతిని తనే చూసుకోలేకపోయేది. నేను వేళ్లు పట్టుకోగానే కళ్లు గోడవైపు తిప్పుకునేది.

"నొప్పి పదికి ఎంత?" అని అడిగేదాన్ని.

"బస్ సిస్టరమ్మా, ఇవాళ్టికి చాలు."

పైగా ఎండాకాలం ఆమెకు కలిసొచ్చింది. మా ఊళ్లో మార్చి వచ్చిందంటే స్కూటీ మీద వెళ్లే ఆడపిల్లలందరూ ముఖానికి చున్నీ చుట్టి, చేతులకు పొడుగు నూలు గ్లౌజులు వేసుకుంటారు. సుధ పువ్వుల గ్లౌజుల జత ఒకటి కొనుక్కుంది. ప్రెషర్ గ్లౌ మీద అది తొడిగితే అందరిలో ఒకతి. మెల్లగా ఇంట్లోనూ తియ్యడం మానేసింది.

"వానలొచ్చీసిన కాణ్ణించి ఏటి సేస్తాది సిస్టరమ్మా? అప్పుడూ ఎండే అంతాదా?" అని వాళ్లమ్మ అప్పలనరసమ్మ కళ్లొత్తుకుంది. ఏటా వేసవిలో వాళ్లు విశాఖలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్తారు. ఈసారి నన్నూ రమ్మంది. "మీరుంతే దానికి ధైర్యం. నాకూనూ."

చర్మం పూర్తిగా మూసుకుంది కాబట్టి సముద్రపు నీళ్లు తగిలినా ఫరవాలేదన్నాను. రెండు షరతులు పెట్టాను. కొత్త చర్మానికి ఎండ పనికిరాదు కనక ఐదు దాటాకే వెళ్లాలి. ఆ వేళకు రోడ్డు పక్క మేడల నీడ ఇసుక మీద పడుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి నూనె రాయాలి. బీచ్‌కు బయల్దేరే ముందు ప్రెషర్ గ్లౌ తీయించి సంచీలో పెట్టాను. ఆమె వెంటనే పువ్వుల గ్లౌజులు తొడిగేసుకుంది.

బీచ్‌లో కాలు పెట్టే చోటు లేదు. మొక్కజొన్న పొత్తుల పొగ, బుడగలవాళ్ల ఈలలు, గుర్రం ఎక్కనని ఏడిచే పిల్లలు, ఎక్కాక దిగనని ఏడిచే పిల్లలు. సుధ చుట్టూ చూసింది.

"ఇక్కడ ఎవరూ వేసుకోలేదు" అంది, మోసపోయినట్టు.

సముద్రంలో ఒంటరిగా మునగకూడదు, ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని దిగాలన్నది మావైపు ఆనవాయితీ. అప్పలనరసమ్మకు నీళ్లంటే హడలు. నా చెయ్యి పట్టుకుని దిగింది, ఇక వదలదు. "అమ్మడూ, నువ్వూ రాయే" అని పిలిస్తే, "నహీ అమ్మా, మీరెళ్లండి" అంటూనే సుధ చీలమండల దాకా దిగి, రెండు చేతులూ చంకల్లో దాచుకుని మాకు నాలుగడుగుల దూరంలో నిలబడింది.

అప్పుడు భారీ మనిషి ఒకావిడ, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, సుధ పక్కకు వచ్చింది. ఒడ్డున సంచుల మధ్య కూర్చున్న భర్త మీద కేకలేస్తోంది. "మూడొందల మైళ్లు తెచ్చీసినావు, మూడడుగులు రాలేవా?" ఆయన సంచులకేసి వేలు చూపించాడు. ఆవిడ సుధ వైపు తిరిగింది.

"ఏటే పిల్లా, నీకూ జత లేదా? చెయ్యియ్యి. ఒక్కర్తినీ మునగకూడదంత."

సుధ కుడిచెయ్యి చాచింది. ఆవిడ అటువైపు లేదు. ఎడమ చెయ్యే పట్టుకుంది. నేను నోరు తెరిచేలోపు అప్పలనరసమ్మ నా మణికట్టు నొక్కింది.

"ఇదేటమ్మా ఈ గ్లౌజులు? బండెక్కడ ఎట్టీసినావు?"

మా సుధ నవ్వింది. డిసెంబరు తర్వాత అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. అంతలో అల వచ్చింది. మాకు మోకాళ్ల దాకా, ఆవిడ తడబడేసరికి నడుము దాకా. ఆవిడ వెనక్కి ఒరుగుతూ కేకపెట్టింది.

"అలా మెత్తగా పట్టుకుంతావేటే? గట్టిగా పట్టు! నాను పడిపోతాను!"

సుధ పట్టింది. తడిసిన గ్లౌ జారి నురగలో కలిసిపోయింది. వట్టి చేత్తో, వేళ్లు ఎంత వంగుతాయో అంతా వంచి, ఆ బరువైన మనిషిని నిలబెట్టింది. అల వెనక్కి వెళ్లాక ఆవిడ తన చేతిలో ఉన్న చేతికేసి చూసింది. మచ్చ ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. సుధ లాక్కోబోయింది. ఆవిడ వదల్లేదు.

"కాలిందా?"

"గంజి."

"ఎప్పుడు?"

"డిసెంబర్లో."

"అలాగా. ఇదుగో, ఇంకోటొచ్చీస్తంది, పట్టుకో!"

అంతే. అయ్యో అనలేదు, పెళ్లయిందా అనలేదు, ఫలానా మందు రాయమనలేదు. ఆవిడకు కావలసింది తను పడకపోవడం. వరసగా వచ్చిన ప్రతి అలకూ ఇద్దరూ కేకలు పెట్టారు. ఒక అలకు నేనూ మణికట్టు మీది వాచీతో సహా తడిసిపోయాను. నేను కుడిచేతి మీదికి మారమని చెప్పబోయి ఊరుకున్నాను. సుధ తన చేతికేసి చూసుకుంటోంది, పట్టు సరిగా ఉందో లేదోనని. ఆవిడ పేరు మేము అడగలేదు. ఎప్పుడో భర్త పిలిస్తే వెళ్లిపోయింది.

రాత్రి నూనె రాస్తూ, "నొప్పుందా?" అన్నాను.

"చాలా ఉంది. అచ్ఛా సిస్టరమ్మా, ఆవిడ నిజంగానే పడిపోయేదంటారా?"

"ఆ బరువుకు తప్పకుండా పడేది. నిన్నూ పడేసేది."

ఆ జవాబుకు తృప్తిపడి నిద్రపోయింది.

బిలాస్‌పూర్ వచ్చాక నేను పద్ధతి మార్చాను. వేళ్లు వంచమని అడగడం తగ్గించి, పనులు అప్పగించాను. మా మెట్లు దిగేటప్పుడు నాకు ఆ చెయ్యే ఆసరా ఇమ్మన్నాను. తడి తువ్వాలు పిండించాను. నా మోకాళ్లు అంత పాడవలేదు కానీ, కొన్నాళ్లు పాడైనట్టే దిగాను. జూన్ నెలాఖరున డాక్టరుగారు పిడికిలి పట్టి చూసి, ఆపరేషన్ అక్కర్లేదు, ప్రెషర్ గ్లౌ ఇక రాత్రిళ్లు చాలన్నారు. వానాకాలం సుధ స్కూటీ హ్యాండిల్ మీద వట్టి చేతులు పెట్టుకునే కాలేజీకి వెళ్లింది.

అన్నేళ్లు వార్డులో కాలిన చేతుల్ని జాగ్రత్తగా పట్టుకోవడం నేర్చుకున్నాను, నా కింద పనిచేసిన పిల్లలకు నేర్పాను. ఆ చేతుల్ని కూడా ఎవరో ఒకరు నమ్ముకుని పట్టుకోవాలన్నది ఆ సాయంత్రం తెలిసింది. ఇప్పుడు చెయ్యి కాలిన వాళ్లెవరొచ్చినా, పుండు మానగానే మొదట అడిగేది నొప్పి గురించి కాదు, ఆ చెయ్యి పట్టుకుని నడిచేవాళ్లు ఇంట్లో ఎవరున్నారని.

ఈ కేసులో పోయినవి: సముద్రంలో పువ్వుల గ్లౌ ఒకటి, ఎడమ చేతిది. ఉప్పునీళ్లు వెళ్లి ఆగిపోయిన నా వాచీ. సుధ చిటికెన వేలి వంపు, అరచేతికి తగలడానికి ఒక సెంటీమీటరు తక్కువ. వాచీ మళ్లీ కొన్నాను. గ్లౌ కొనలేదు. ఆ సెంటీమీటరు తిరిగి రాలేదు.