ఆమెన్ అంటేనే నోరు తెరిచే పిల్ల

రెండు వందల మంది కూర్చున్న చర్చిలో, మైకు ఆన్‌లో ఉండగా, నా పరువు నేనే తీసుకున్న రోజు గురించి చెప్పబోతున్నాను. నవ్వేవాళ్లు ముందే నవ్వేసి రండి, నేను ఆగుతాను. ఇన్నేళ్లయినా మా చుట్టాల్లో ఎవరు ఈ కథ చెప్పినా తప్పంతా నాదే అన్నట్టు చెబుతారు. తప్పు నాదే. కానీ నా ఒక్కడిదే కాదు. ఆ రెండో ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. నా మంటంతా అదే.

అప్పటికింకా జిల్లా ఒక్కటే, ఖమ్మం. నేను ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. బీఈడీ చేశాను కాబట్టి పిల్లల మనసు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని గట్టి నమ్మకం. ఖానాపురం హవేలిలో కిరాయి ఇల్లు. నా భార్య సునీత టేకులపల్లిలో గవర్నమెంటు టీచరు. మా పాప రూతు పుట్టాక సెలవులో ఉంది. జూన్‌లో బడి తెరవగానే ఆ సెలవు అయిపోతుంది. అప్పటి నుంచి పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ సాయంత్రానికి గానీ ఇల్లు చేరదు. అంతసేపు పాప ఏదో ఒకటి తినాలి కదా. ఎనిమిదో నెల నడుస్తోంది, తల్లిపాలు తప్ప ఇంకేదీ ముట్టదు. చెంచా కనబడితే చాలు, పెదవులు బిగించి మొహం గోడవైపు తిప్పేసుకునేది.

సాయం కోసం మా అత్తమ్మ వచ్చింది. వాళ్లది పర్ణశాల దగ్గర ఒక చిన్న ఊరు. నాలుగు రోజులు చూసి తీర్పు చెప్పేసింది.

"పిల్ల గిట్ల తినకపోతే బడి తెరిచే నాటికి నేనే దీస్కపోత అల్లుడా. మా కాడ నలుగురు పిల్లగాండ్లు తింటుంటే జూసి అదే తింటది."

సునీత ఏమీ అనలేదు. అనకపోవడమంటే సగం ఒప్పుకోవడమే. మీరే చెప్పండి, ఇదేమన్నా న్యాయమా? నా కూతుర్ని నేను ఆదివారం ఆదివారం భద్రాచలం బస్సెక్కి, గోదావరి దాటి వెళ్లి, చుట్టంలా చూసి, చాక్లెట్ ఇచ్చి రావాలా? అది నన్ను చూసి ఎవరీ మీసాలాయన అని ఏడవాలా? ఆ పూట నాకు అన్నం సహించలేదు.

"నెల రోజులు టైమివ్వండి. పాపకు తినడం నేను నేర్పిస్తా. నేర్పలేకపోతే మీ ఇష్టం" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మర్నాడే పిల్లల పెంపకం మీద ఒక పుస్తకం కొన్నాను. బియ్యం, పెసరపప్పు, రాగులు వేయించి, గిర్నీకి తీసుకెళ్లి పిండి పట్టించుకొచ్చాను. ఏ వేళకు ఎన్ని చెంచాలో ఒక చార్టు గీసి గోడకు అతికించాను. అత్తమ్మ ఆ చార్టును క్యాలెండరనుకుని పండగలెక్కడున్నాయని అడిగింది. ఆవిడ పద్ధతి వేరు. కంచం ముందు పెట్టి ఊరుకోవాలట. అందరం తింటుంటే చూస్తుందట, తనే చెయ్యి పెడుతుందట, తనే నోట్లో పెట్టుకుంటుందట. చేతులకు ఎన్ని క్రిములుంటాయో ఆవిడకు అర్థమయ్యేలా పావుగంట చెప్పాను. అంతా ఓపిగ్గా వింది.

"నిన్ను మీ అమ్మ దేంతోటి పెంచిందయ్యా, పట్టకారతోటా?" అంది.

ఇలాంటివాళ్లతో శాస్త్రం మాట్లాడలేం. నేను చెంచాతోనే పోరాడాను. మొదటి వారం నా పిండి జావలో పాప కడుపులోకి పోయింది ఏమీ లేదు, నా చొక్కాల మీదికి పోయిందే ఎక్కువ. వేసవి సెలవుల్లో కూడా మా స్కూలువాళ్లు పదో తరగతికి స్పెషల్ క్లాసులు పెట్టి నన్ను పగలంతా పిండేవాళ్లు. సాయంత్రం ట్యూషన్లు. అంతవరకు నేను తొమ్మిదిన్నరకో పదింటికో వచ్చి, పేపర్లు దిద్దుకుంటూ ఒక్కణ్ణే తినేవాణ్ణి. పాప కోసం ట్యూషన్లు కుదించి ఎనిమిదింటికల్లా ఇంటికి రావడం మొదలుపెట్టాను.

రెండో వారంలో అద్భుతం జరిగింది. అందరం చాప మీద కూర్చున్నాం. పాప నా ఒళ్లో ఉంది. మా ఇళ్లల్లో ప్రార్థన చేయనిదే మెతుకు ముట్టం కదా, సునీత చిన్నగా ప్రార్థన చేసి ఆమెన్ అంది. మేమూ ఆమెన్ అన్నాం. అంతే, రూతు గూట్లో పిట్టపిల్లలా నోరు బార్లా తెరిచింది. నేను చేతిలో ఉన్న పప్పన్నం ముద్ద చిదిమి పెట్టేశాను. మింగింది.

బీఈడీలో సైకాలజీ పేపరులో చదివిన కుక్క, గంట ప్రయోగం మొత్తం కళ్లముందు కదిలింది. గంట కొట్టి అన్నం పెడితే, కొన్నాళ్లకు గంట వినగానే కుక్కకు నోరూరుతుంది. మా పాపకు ఆ గంట ఆమెన్ అన్నమాట. ఇంకో ముద్ద చేసి, "ప్రభువా, ఈ ముద్దకు స్తోత్రం, ఆమెన్" అన్నాను. తెరిచింది. మరో ముద్ద, మరో స్తోత్రం. అలా పదిహేను ముద్దలు. ఆ రోజు మా ఇంట్లో జరిగినంత ప్రార్థన ఉపవాస కూటాల్లో కూడా జరగదు.

అక్కడితో ఆగి ఉంటే నేను మనిషినే. ఆగలేదు. ఇంట్లో చట్టం చేశాను. ఆమెన్ లేకుండా పాపకు ఎవరూ ఏమీ పెట్టకూడదు, పెడితే ప్రయోగం చెడిపోతుంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, మా ఇంట్లో ప్రార్థించనిదే నాన్న పెట్టడు. రోజూ ఎనిమిదింటికి మా ఇంట్లోంచి వరసగా ఆమెన్లు వినబడుతుంటే, పక్క వాటాలో ఉండే మా ఇంటి ఓనరమ్మ నాలుగు రోజులు ఓర్చుకుని ఐదో రోజు వచ్చింది. చాలా మంచావిడ, ఏటా భద్రాద్రి రాముడి కల్యాణానికి వెళ్లివచ్చి మాకు కూడా ప్రసాదం పెట్టేది. ఇంట్లో ఎవరికన్నా పానం బాగలేదా, దవాఖానాకు పోదామా అని గుమ్మంలోనే నిలబడి మెల్లగా అడిగింది. నేను ప్రయోగమంతా వివరించాను. ఆవిడ అత్తమ్మ వైపు చూసింది. అత్తమ్మ చూరు వైపు చూసింది. ఆ చూపులేమిటో నాకప్పుడు తట్టలేదు.

అత్తమ్మకు మాత్రం ఇది బొత్తిగా నచ్చలేదు. "దేవుని మాట ముద్దముద్దకు గిట్ల వాడొద్దయ్యా, అరిగిపోతది" అని ఒకటి రెండుసార్లు అంది. ఫలితం వస్తుంటే ఓర్వలేకపోతోందని అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, ఇంకో గొయ్యి తవ్వుకున్నాను. బడి తెరిచే ముందు ఆదివారం మా చర్చిలో ప్రేమ విందు ఉంది. ఆ రోజు సంఘం అందరి ముందు పాపకు నా చేత్తో కడుపునిండా తినిపిస్తానని, తినకపోతే అక్కణ్ణుంచి అటే పర్ణశాల బస్సెక్కించమని సవాలు చేశాను. సునీత ఏదో చెప్పబోయింది. నేను చెయ్యెత్తి ఆపాను. ఆ చేతిని ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆ ఆదివారం వచ్చింది. మా చర్చిలో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటాం. విందుకు ముందే అందరూ చూడాలని పాపను నేనే ఎత్తుకుని మగవాళ్లలో ముందు వరసలో కూర్చున్నాను. కడుపు ఖాళీగా ఉండాలని పొద్దున సునీత చేత పాలు కూడా తక్కువే ఇప్పించాను. ప్రసంగానికి బయట నుంచి ఒక దైవసేవకుడు వచ్చాడు. పెద్ద గొంతు, పెద్ద మనసు, ఒక్కటే అలవాటు. ప్రతి వాక్యం చివరా "అందరం ఆమెన్ అందామా?" అంటాడు. రెండు వందల మందీ అంటారు.

మొదటి ఆమెన్‌కు రూతు నోరు తెరిచింది. ఏమీ రాలేదు. తల తిప్పి నన్ను చూసింది. నేను పై కప్పు చూశాను. రెండో ఆమెన్‌కు ఇంకా పెద్దగా తెరిచింది. మూడో దానికి నా గడ్డం పట్టుకుని తన నోటి వైపు లాగింది. జావ గిన్నె సునీత సంచీలో ఉంది, సునీత అటుపక్క ఉంది. నేను కళ్లతో సైగ చేశాను, చేతులతో చేశాను, చివరికి పాటల పుస్తకంతో చేశాను. ఆవిడ తల వంచుకుని భక్తిగా నేల చూస్తోంది. ఏడో ఆమెన్‌కు పాప సహనం అయిపోయింది. చర్చి కప్పు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది. పాపం దానిదేం తప్పు? పిలిచి పీట వేసి, ఏడుసార్లు వడ్డన ఆపేస్తే పెద్దవాళ్లమే ఊరుకోం.

దైవసేవకుడు ప్రసంగం ఆపేశాడు. "ఆ బిడ్డను ముందుకు తీసుకురండి, ప్రార్థన చేద్దాం" అన్నాడు. వెళ్లక తప్పలేదు. ఒక చేత్తో మైకు పట్టుకుని, ఇంకో చెయ్యి పాప తల మీద పెట్టి, ఆయన మంచి ప్రార్థన చేశాడు. చివర గట్టిగా ఆమెన్ అని, ప్రేమగా పాప బుగ్గ నిమరబోయాడు. రూతు అప్పటికి నోరు తెరిచి సిద్ధంగా ఉంది. ఆయన బొటనవేలు సరిగ్గా వేళకు అందింది. కింద కొత్తగా వచ్చిన రెండు పళ్లూ ఆ రోజే పనిలోకి దిగాయి.

"అమ్మో" అన్నాడాయన. మైకులో ఆ కేక వీధి చివరి దాకా వెళ్లింది.

అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో వెనక నుంచి పిల్లకేదో పట్టినట్టుంది అన్నారు. నా కూతురికి ఏదో పట్టిందంటే నేనూరుకుంటానా? రోషం పొడుచుకొచ్చింది.

"ఏమీ పట్టలేదండీ, ఆకలి. మా పాప ఎవరన్నా ఆమెన్ అంటేనే తింటది. నేనే అట్ల అలవాటు చేసిన" అన్నాను.

మైకు నా ముందే ఉందని తెలియదు. ముందు ఆడవాళ్ల వైపు ఎవరో ఆపుకోలేక కిసుక్కుమన్నారు, అక్కణ్ణుంచి వరద. మా పాస్టరు గారు రుమాలు అడ్డం పెట్టుకుని భుజాలు కుదుపుతున్నారు. దైవసేవకుడు వేలు ఊదుకుంటూనే నవ్వుతున్నాడు. అత్తమ్మ వచ్చి మాట్లాడకుండా పాపను ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది.

నాకు మాత్రం కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, నవ్వినందుకు కాదు. సవాలు ఓడిపోయాను. ఇక అటే బస్సెక్కిస్తారు. ఆరాధన ముగిశాక గబగబా బయటికి వెళ్లి, విందుకు వేసిన షామియానా కింద వెతికాను.

అత్తమ్మ చాప మీద విస్తరి ముందు కూర్చుని ఉంది. పక్కన సునీత. మధ్యలో రూతు, విస్తట్లో రెండు చేతులూ మణికట్టు దాకా ముంచి, పప్పన్నం గుప్పిళ్లతో నోట్లో కుక్కుకుంటోంది. అమ్మమ్మ విస్తట్లోంచి కాసేపు, అమ్మ విస్తట్లోంచి కాసేపు. ఎవరూ ఏ ప్రార్థనా చేయడం లేదు. ఎవరూ తినమని కూడా అనడం లేదు.

ఇది ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. అత్తమ్మ ముద్ద మింగింది.

"నువ్వు గోడకు కాయితం అంటిచ్చినవ్ జూడు, దాని రెండోనాటి సంది."

అంటే ఆమెన్ కంటే ముందు నుంచి. అంటే నేను స్పెషల్ క్లాసులో గొంతు చించుకుంటుండగా, రోజూ మధ్యాహ్నం ఇక్కడ ముగ్గురాడవాళ్లూ, అవునండీ ఓనరమ్మతో సహా, కంచాలు ముందేసుకుని నా కూతురికి కడుపునిండా తినబెట్టారు. అమ్మ పెట్టింది, అమ్మమ్మ పెట్టింది, ఓనరమ్మ పెట్టింది, నాన్న ఒక్కడే అడుక్కుని తినిపించాడు. ఇంత మోసం, ఇంత కుట్ర, నా ఇంట్లో, నా చార్టు కిందనే కూర్చుని. పాపను తీసుకుపోతారేమోనని నెల రోజులు నేను నిద్రలో కూడా స్తోత్రం స్తోత్రం అని కలవరించాను, ఒక్కరికి జాలి కలగలేదా అని సునీతను నిలదీశాను.

సునీత చెయ్యి విస్తట్లోనే ఆగింది.

"చెప్దామనే అనుకున్నం. కానీ మీరు రోజూ ఎనిమిదింటికల్ల ఇంటికొచ్చి మా పక్కన చాప మీద కూసుంటున్నరు. పెండ్లయి మూడేండ్లాయె, అంతకుముందు ఒక్కనాడన్న గట్ల కూసున్నరా? చెప్తే మళ్ల ట్యూషన్లకు పోతరని చెప్పలే."

అయితే పాపను తీసుకుపోతారా లేదా అని అత్తమ్మను అడిగాను.

"దానికేమయ్యా, ఏడున్నా తింటది" అంది అత్తమ్మ, నాకు విస్తరి వేసి అన్నం పెడుతూ. "దాన్ని దీస్కపోతే తిండి కాడికి రానిది నువ్వే. అందుకనే పిల్లను గదపట్లే. నేనే ఈడ ఉంట, నువ్వు కూసో."

కూర్చున్నాను. ఏం చేస్తాను, ఆకలిగా కూడా ఉంది.

కాబట్టి ఆ విస్తరి ముందు చేసి, నేటికీ అమల్లో ఉన్న నా ప్రకటన ఇది: సమస్త జనులకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఇకమీదట నేను ఏ పసిపిల్లకూ, ఏ శాస్త్రం ప్రకారమూ, తినడం నేర్పను. ఎవరి నోటి ముందూ చెంచా ఆడించను. ట్యూషన్లు ఏడున్నరకు ముగించి, ఎనిమిదింటికల్లా ఇంట్లో చాప మీద ఉంటాను. ఈ చివరిది మాత్రం పూర్తిగా నా సొంత నిర్ణయం. ఇందులో ఎవరి శిక్షణా లేదని మనవి.