పెద్ద టైర్లు, కుడితి గోలెం

మా ఆయన నాతో ఆడిన మాటల్లో సగానికి సగం నేను లారీ వెనక నించుని విన్నవే. పైకి అంటే ఎకసెక్కం అనుకుంటారని ఎవరితోనూ అనలేదు.

మంచి మనిషి. తాగుడు లేదు, అరుపు లేదు. మాట కూడా లేదు. కూర ఎలా ఉందంటే "బానే ఉంది" అనేవారు. నేను ఉప్పు వెయ్యడం మర్చిపోయిన రోజున కూడా బానే ఉంది. మాకు పిల్లలు లేరు. నేను బడిలో లెక్కలు చెప్పి సాయంత్రానికి ఇంటికొస్తే, ఆ ఇంట్లో మళ్ళీ పొద్దున్న బడికి వెళ్ళేదాకా నా గొంతుతో పని ఉండేది కాదు. ఆదివారం ఇద్దరం కలిసే చర్చికి వెళ్ళేవాళ్ళం. అక్కడా ఆయన మగవాళ్ళ వైపు, నేను ఆడవాళ్ళ వైపు.

ఆయనకో మిలటరీ లారీ ఉండేది. సైన్యం వాళ్ళు వాడి వాడి వేలం వేస్తే ఎవరో కొన్నారు, వాళ్ళ దగ్గర ఈయన కొన్నారు. నాలుగు చక్రాలకీ లాగే శక్తి ఉన్న బండి. ఓడలరేవు వైపు రొయ్యల చెరువులకి మేత బస్తాలూ, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లూ దాంట్లోనే చేరవేసేవారు. అయితే వానలు పడ్డాక ఆ చెరువు గట్ల దగ్గర మిలటరీ లేదు, మామూలు లేదు, ఏదైనా దిగబడుతుంది. ఒకసారి దిగబడితే ట్రాక్టరు వచ్చి లాగాలి. అందుకని విశాఖపట్నంలో పాత సామాన్ల దగ్గర వెతికి, ఏదో పెద్ద యంత్రం నుంచి తీసిన టైర్లు తెచ్చారు. నిలబెడితే నా భుజం దాకా వచ్చేవి.

వేసవి సెలవుల్లో మా వాకిట్లోనే బిగించారు. పంక్చర్ల షాపతను ఆటోలో కంప్రెసరు వేసుకొచ్చాడు. లారీని జాకీలతో లేపి, కింద తాటి దుంగలు పెట్టారు. వెనక జంట టైర్లు తీసేసి పక్కకొకటి చొప్పున పెద్దవి ఎక్కించారు. టైరుని పట్టి ఉంచే ఇనపరింగుని సుత్తితో కొట్టి కూర్చోబెడుతుంటే మా గోడ మీద సున్నం రాలింది. గాలి కొట్టేటప్పుడు ఆ రింగు ఎగిరితే తల తెగుతుందని చక్రానికి గొలుసు చుట్టి, మమ్మల్ని పక్కింటివాళ్ళ గేదెల పాక వెనక్కి పొమ్మన్నాడు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆయన వెళ్ళాక పక్కింటి అక్కగారు నాలుగు నిమ్మకాయలు తెచ్చి టైర్ల కింద పెట్టింది. "ప్రార్థన చాలదని కాదమ్మా, దానికీ ఓ తోడుంటుందని" అంది.

అన్నీ అయ్యాక స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైర్లు లోపలి స్ప్రింగు కట్టలకి రాసుకుంటున్నాయి. చక్రాల పాత డిస్కులకి కొత్త టైర్లు మరీ వెడల్పయ్యాయి. మెకానిక్కుని పిలిపిస్తే అతను ఒక బోల్టు బిగించి, స్టీరింగు అంతదూరం తిరక్కుండా చేశాడు. ఇసకలో అంత తిప్పే పనుండదులెమ్మన్నాడు. మా ఆయనా తల ఊపారు. అందరూ బురద గురించీ ఇసక గురించీ ఆలోచించారు. బండి ఇంటికి కూడా రావాలని ఒక్కరికీ తట్టలేదు.

మా ఇల్లు కాలవ గట్టు రోడ్డు మీద. రోడ్డుకి ఒక పక్క పెద్ద కాలవ, ఇటుపక్క చేలకి నీళ్ళు పారే పంట బోదె, బోదె మీద ఇంటికో చిన్న వంతెన. ఇంతకుముందు లారీ ఒక్క తిప్పుకి వంతెన ఎక్కేసేది. ఆ మర్నాడు సాయంత్రం ఎక్కలేదు. వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకు రావాలి. వెనక్కంటే కాలవే. అంచంతా తుంగ, ఎక్కడ గట్టు ఆగి ఎక్కడ నీళ్ళు మొదలవుతాయో అద్దంలో కనపడదు. ఆయన దిగి చూశారు, ఎక్కారు, మళ్ళీ దిగారు. చివరికి ఇంటి వైపు చూసి పిలిచారు.

"టీచరుగారూ, కాస్త వెనక చూడండి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అలా పిలవడం అదే మొదలు. వెళ్ళి గట్టున నించున్నాను. రానివ్వండి, రానివ్వండి అన్నాను. బడి నిండా పిల్లల్ని అదుపులో పెట్టిన గొంతు, ఇంజను మోతకి లొంగదు. నేను ఒక్కో మాట అన్నప్పుడల్లా కేబిన్‌లోంచి "ఆయ్" అనేవారు. చాలు అన్నాను. కాలవకి జానెడు దూరంలో అంత పెద్ద టైరు ఆగింది. నేను అన్నాను కాబట్టి ఆగింది.

అప్పట్నించీ రోజూ అదే పని. రెండు మూడుసార్లు వెనక్కీ ముందుకీ అయితే గానీ బండి లోపలికి రాదు. ఆ మధ్యలో ఆయన అద్దంలో నన్ను చూస్తూ ఏదో ఒకటి అనేవారు. ఇవాళ ఫలానా చెరువులో రొయ్యలు పట్టేరనో, సముద్రం మీద మబ్బుందనో, మన వంటింట్లోంచి చేప పులుసు వాసనొస్తోందనో. మొహం చూసి మాట్లాడ్డం చేతకాని మనిషికి అద్దం దొరికింది. లారీ ఆగి లోపలికొచ్చాక మళ్ళీ మామూలే. అయినా నాకు సంతోషంగా ఉండేది. నాలుగు గంటల నుంచీ చెవి రోడ్డు మీదే ఉండేది. వయసొచ్చాక ఇదేం పిచ్చని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఒక వానాకాలం అలా నించుని తడిసి జ్వరం తెచ్చుకున్నాను. ఆయన కాఫీ కలిపిచ్చారు. నేను లేచి తిరిగే వేళకి వేరే డిస్కులు తెప్పించారు. వాటితో టైర్లు నాలుగు వేళ్ళు బయటికి జరిగి కట్టలకి తగలడం మానేశాయి, బోల్టు తీసేశారు. ఆ సాయంత్రం లారీ చప్పుడు విని నేను పిండి చేతుల్తోనే పరిగెత్తాను. బండి అప్పటికే లోపల ఉంది. ఆయన పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు.

"ఇంక నువ్వు వానలో నించోక్కర్లేదు" అన్నారు.

నా మీద ప్రేమతోనే చేశారు. అది తెలిసే మరింత ఏడుపొచ్చింది. ఇంట్లో మళ్ళీ "బానే ఉంది" మొదలైంది.

అక్కగారు వాళ్ళు గేదెల్ని అమ్మేసి, కుడితి గోలెం పాక బయట పడేశారు. పాత సిమెంటు గోలెం, అంచు పగిలింది. అడిగి తీసుకున్నాను. కొబ్బరి దింపుకి వచ్చినవాళ్ళ చేత దొర్లించి మా వంతెన మొదట్లో, సరిగ్గా బండి తిరిగే మూల పెట్టించాను. మట్టి పోసి మందారం నాటాను. నిజానికి అక్కడ రోజంతా కొబ్బరిచెట్ల నీడే. మొక్క నాటడానికి మా దొడ్డి మొత్తంలో అంతకంటే పనికిమాలిన చోటు లేదు.

సాయంత్రం లారీ రోడ్డు మీద ఆగింది. ఇంజను ఆగలేదు. వంటింట్లో నా చెయ్యి ఆగింది. ఇప్పుడు దిగి గోలెం చూస్తారు, ఎవరు పెట్టేరని అడుగుతారు, ఏం చెప్పాలి అనుకుంటున్నాను. హారను మోగింది.

"టీచరుగారూ, కాస్త వెనక చూడండి."

వెళ్ళాను. గోలెం గురించి ఆయన ఆ రోజూ అడగలేదు, తర్వాతెప్పుడూ అడగలేదు. ఆ చెట్టెప్పుడూ సరిగ్గా పూయలేదు.

నిరుడు వానల్లో ఆయన చెరువు గట్టు మీదే గుండె ఆగి పోయారు. సమాధి కార్యక్రమం అయ్యాక అక్కగారు నా పక్కన కూచుని ఏవేవో చెప్పింది. ఆ గోలెం బండికి అడ్డమొస్తోంది, మావాళ్ళ చేత తీయించనా అని ఆయన్ని ఒకసారి అడిగిందట.

"'ఉండనివ్వండి అక్కగారూ, ఆ మొక్కకి అక్కడే ఎండ అండి' అన్నారమ్మా. అక్కడ ఎండెక్కడుందని నేనూ పైకి చూసేను" అంది.

ఎండ మాట నేను ఆయనతో ఎప్పుడూ అనలేదు. నా కోసం ఆయనే కల్పించారు. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే నాటకం ఆడుతున్నాననుకున్నాను. ఆ సంగతి తెలిశాక అడగడానికి మనిషి లేరు. అక్కగారి ముందు ఏడిచినంత ఏడుపు నేను సమాధి దగ్గర కూడా ఏడవలేదు.

లారీ అమ్మేశాను. కొన్నవాళ్ళ డ్రైవరు బయటికి తీస్తుంటే గట్టున నించుని నేనే కేకలేశాను. ఓకే మేడమ్, ఓకే మేడమ్ అన్నాడు. ఆ పెద్ద టైర్లు కొత్తపేట వైపు రోడ్డెక్కేదాకా చూసి లోపలికొచ్చాను. తర్వాత చాలా రోజులు నాలుగయ్యేసరికి చెవి రోడ్డు మీదికే పోయేది.

మొన్న దింపు అయ్యాక కాయలకి వ్యాను వచ్చింది. డ్రైవరు మూల దగ్గర ఆపి దిగాడు. "మేడంగారూ, ఈ గోలెం అడ్డమండీ. ఇద్దరం పడితే అవతలకి దొర్లించేస్తాం" అన్నాడు.

"వద్దు బాబూ. ఆ మొక్కకి అక్కడే ఎండ."

అతను మొక్కని చూశాడు, పైన కొబ్బరాకుల్ని చూశాడు. నా వయసు చూసి ఊరుకున్నట్టున్నాడు. ఆయ్ అని బండెక్కి, అయితే కాస్త వెనక చూడండి మేడం అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళి కాలవ గట్టున నించున్నాను.