పైన వదిలిన బెత్తెడు

మొన్న కొత్త దూది వాసన తగిలి గుమ్మంలోనే నిలబడిపోయాను. ఎండ లోపలికి రాకుండా, ఏసీ చల్లదనం బయటికి పోకుండా మా మనవరాలు బాన్సువాడ ఇంట్లో కిటికీకి బొంత పరదా కుడుతోంది. నీలం గుడ్డ మీద పసుపు పూలు ముచ్చటగా ఉన్నాయి. అలవాటుగా టేపు పెట్టి చూశాను. కిటికీ ఎంతో పరదా అంతే, పిసరంత సందు లేదు. మళ్ళీ ఒకసారి కొలిచాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, పుష్యమాసంలో, కాలువ కింది వరి మళ్ళ మీదుగా వచ్చే గాలి ఎముకలు కొరికేది. బెల్లం వండే వాసన, పెనం మీది జొన్నరొట్టె వాసన, దారానికి రాసే మైనం వాసన కలిసి మా మట్టింట్లో తిరిగేవి. తమ్ముడు పుట్టి పది రోజులు కూడా కాలేదు. బాలింతకు గాలి తగలకూడదని మా నాయినమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, తన ఎర్రచీర చెంగులోని పూలు కత్తిరించి పైన అతికి, కిటికీకి బొంత కుట్టింది. కిటికీ చౌకట్టు వంకరను కూడా కొలిచి కుట్టి, చుట్టూ మేకులు కొట్టించింది.

"సూడు పిల్లా, గాలి గాదు, శీమ గూడ దూరది!"

"కోడలికి రాణి మహలు జేసినవు గదా అత్తా," అని పక్కింటామె ఎకసెక్కమాడింది.

మరునాడు తెల్లవారుతూనే కుంపట్లో బొగ్గులు రాజేసి అమ్మ మంచం కింద పెట్టి, తలుపు మూశారు. పొద్దెక్కాక నేను రొట్టె పట్టుకుని వెళ్ళాను. అమ్మ కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, పిలిస్తే పలకలేదు. పక్కన తమ్ముడు తడిగుడ్డలా పడి ఉన్నాడు. పొగ లేదు, మంట లేదు. ఏమైందో నాకు అర్థం కాలేదు; బొగ్గుల విషగాలి బయటికి పోయే సందు లేక గదంతా నిండిందని పెద్దయ్యాకే తెలిసింది. నా కేకకు పరుగెత్తుకొచ్చిన అవ్వ కుంపటిని చూసింది, కిటికీని చూసింది. మేకులు పీకలేదు. తన పూలబొంతను రెండు చేతులా పట్టి చీల్చేసింది. పిల్లవాణ్ణి వాకిట్లోకి ఎత్తుకుపోయి, "ఏడువు బిడ్డా, ఏడువు," అంటూ వీపు రుద్దింది. చలిగాలికి వాడు ఎంతసేపటికో తుమ్మాడు, తర్వాత ఏడ్చాడు. అమ్మ సాయంత్రానికి తేరుకుంది.

అవ్వ ఆ బొంతను మళ్ళీ కుట్టింది, పైన బెత్తెడు కోసేసి. "పోరనికి గీ ముచ్చట ఎవ్వలు జెప్పద్దు," అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఏ కిటికీ బొంతైనా పైన బెత్తెడు తక్కువే.

కుంపటి పోయింది, బొగ్గు పోయింది, బాలింత గదీ పోయింది. మొన్న తమ్ముడు చాయ్ తాగుతూ కొత్త పరదా చూసి నవ్వాడు.

"గిది సక్కగ కుదిరిందే అక్కా. అవ్వ కుట్టినయన్ని పొట్టిగుంటుండె. ముసల్దానికి కొలతలే రాకపోతుండె."

వాడి తెల్ల మీసాన్ని, నవ్వుతో ఎగసే గుండెను చూశాను. మనవరాలిని కత్తెర అడిగాను.